రికార్డుకెక్కిన మాట: సామాజిక శాస్త్రాల్లో డిస్కోర్స్ విశ్లేషణ



స్మారకోపన్యాసంలో మొదటి పావుగంట కీర్తిశేషుల గుణగణాలకు కేటాయించటం మన ఆనవాయితీ. ఇవాళ మనం స్మరించుకుంటున్న మాస్టారు బతికుండగా అలాంటి సభల్లో వెనక వరసలో కూర్చుని వాచీ చూసుకునేవారు. అందుకని ఆయన గురించి ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వెళ్తాను. విద్యార్థి ఎవరైనా ఒక విషయాన్ని ఖాయంగా రాసుకొస్తే, ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి ఆయన అడిగేవారు: ‘‘ఇది నీకెవరు చెప్పారు? వాళ్లకెవరు చెప్పారు?’’ మొదటి ప్రశ్నకు అందరి దగ్గరా జవాబు ఉండేది. రెండోదాని దగ్గర నీళ్లు నమిలేవాళ్లం. డిస్కోర్స్ విశ్లేషణ అంటే, నా లెక్కలో, ఆ రెండో ప్రశ్నను పట్టుకుని చివరికంటా వెళ్లటమే.

ఈ పేరు ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల్లో బాగా చెలామణీలో ఉంది. సమాజశాస్త్రం, రాజనీతిశాస్త్రం, జర్నలిజం, ఏ శాఖలో సిద్ధాంత గ్రంథం తెరిచినా పద్ధతుల అధ్యాయంలో ఫూకో, ఫెయిర్‌క్లఫ్ పేర్లు కనిపిస్తాయి. తరవాతి అధ్యాయాల్లో ఆ ఇద్దరి అజా ఉండదు. పత్రికల కత్తిరింపులు వరసగా పేర్చి, ఒక్కోదాని కింద దాని సారాంశమే మళ్లీ రాసి, ‘ఇందులో అధికారం దాగి ఉంది’ అని ముగిస్తారు. అధికారం ఎక్కడ లేదు కనక? 2003లో చార్ల్స్ అంటాకీ, మైకేల్ బిల్లిగ్, డెరెక్ ఎడ్వర్డ్స్, జొనాథన్ పాటర్ కలిసి రాసిన వ్యాసం ఒకటుంది. విశ్లేషణ చేసినట్టు కనిపిస్తూ చేయకుండా తప్పించుకునే ఆరు దారులను అందులో వరసపెట్టారు. సారాంశంతో సరిపెట్టటం, ఉటంకింపులు గుప్పించటం, తనకిష్టమైన పక్షం తీసుకుని అదే విశ్లేషణ అనుకోవటం వాటిలో ఉన్నాయి. మనవాళ్లకు మూడోది మరీ ప్రీతి. పక్షం తీసుకోండి, కాదనను. కానీ పక్షం తీసుకున్నాక పని అప్పుడే మొదలవుతుంది.

పూర్వచరిత్రను క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 1952లో అమెరికా భాషాశాస్త్రవేత్త జెలిగ్ హారిస్ ‘లాంగ్వేజ్’ పత్రికలో సరిగ్గా ‘డిస్కోర్స్ ఎనాలిసిస్’ అన్న పేరుతోనే వ్యాసం రాశారు. వాక్యం దగ్గర ఆగిపోతున్న వ్యాకరణాన్ని వాక్యాల వరసదాకా తీసుకెళ్లాలని ఆయన ప్రయత్నం. మిషెల్ ఫూకో 1969లో ‘ఆర్కియాలజీ ఆఫ్ నాలెడ్జ్’లో వేసిన ప్రశ్న వేరు: ఒక కాలంలో ఒక విషయం గురించి ఈ మాటలే ఎందుకు పుట్టాయి, మరో మాట ఎందుకు పుట్టలేదు? 1987లో పాటర్, మార్గరెట్ వెథరెల్ సామాజిక మనస్తత్వశాస్త్రం మీదికి దీన్ని తిప్పారు. మనిషి లోపల ‘అభిప్రాయం’ ఒక సామానులా కదలకుండా పడి ఉంటుందని, ప్రశ్నావళితో దాన్ని కొలవవచ్చని అప్పటివరకు ఉన్న నమ్మకాన్ని వాళ్లు కుదిపారు. టెన్ వాన్ డైక్ వార్తలను, రూత్ వోడాక్ రాజకీయ ప్రసంగాలను పట్టుకున్నారు. ఈ గుంపుల్లో కొందరికి కొందరితో పడదు. ఆ తగాదాల్లోకి నేను వెళ్లను. ఒక విషయం మీద ఎవరు మాట్లాడితే చెల్లుతుంది, ఏ రూపంలో రాస్తే రికార్డుకెక్కుతుంది, ఏ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది అన్నదానికి ప్రతి సమాజంలోనూ ఒక ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటును రాతల్లోంచి, మాటల్లోంచి బయటికి లాగటమే మన పని. ఈ సాయంత్రానికి ఆ నిర్వచనం చాలు.

సిద్ధాంతం ఎంత చెప్పినా గాల్లోనే ఉంటుంది. ఒక ఊరి దగ్గరికి వెళ్దాం. విజయవాడ నుంచి మద్రాసు వెళ్లే రైలు దారిలో బాపట్లకూ చీరాలకూ మధ్య స్టువర్టుపురం అని ఒక చిన్న స్టేషను ఉంది. ఆ పేరు చెప్పగానే ఈ హాల్లో ఉన్న చాలామందికి ఒకటే మాట గుర్తొచ్చి ఉంటుంది: దొంగలు. ఆ మాట మనకెవరు చెప్పారు? వాళ్లకెవరు చెప్పారు?

వెనక్కి వెళ్తే 1871 నాటి 27వ చట్టం తగులుతుంది. నేర తెగల చట్టం. ఏదైనా తెగ, ముఠా, వర్గం బెయిలు దొరకని నేరాలకు ఒక క్రమం ప్రకారం అలవాటుపడిందని నమ్మటానికి స్థానిక ప్రభుత్వానికి కారణం కనిపిస్తే, గవర్నర్ జనరల్ కౌన్సిలుకు రాసి, ఆ జనాన్ని నేర తెగగా ప్రకటింపజేయవచ్చు. ప్రకటించాక పేర్లు నమోదు చేస్తారు, హాజరు తీసుకుంటారు, ఊరు దాటాలంటే పాసు ఉండాలంటారు. ఈ చట్టాన్ని చదివే విద్యార్థి సాధారణంగా ‘నేర తెగ’ అన్న రెండు ముక్కల కింద ఎర్రగీత గీసి, ఇది అమానుషం అని రాసి పేజీ తిప్పుతాడు. నేను చూడమనేది ఆ వాక్యం తీరును. నేరం చేసింది ఎవరో ఆ వాక్యంలో లేదు. ఎప్పుడు చేశారో లేదు. ఎక్కడా లేదు. అలవాటు ఉంది, దాన్ని నమ్మే అధికారి ఉన్నాడు. రుజువు ఉండాల్సిన చోట నమ్మకాన్ని కూర్చోబెట్టారు. ఆ తరవాత ఇంకో నిబంధన వస్తుంది: ఈ ప్రకటన చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ అడగకూడదు. ఒక మాట వాస్తవంగా మారటానికి దారి ఎలా వేస్తారో ఈ రెండు నిబంధనలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఒకటి మాటను పుట్టిస్తుంది, రెండోది దాన్ని ఎదురడిగే నోటిని మూసేస్తుంది.

ఇక్కడ తేదీలు గమనించండి. 1871 చట్టం మొదట ఉత్తరాదిలో, పంజాబులో అమలైంది. 1876లో బెంగాలుకు పాకింది. మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది మాత్రం 1911లో, కొత్త చట్టంగా. అంటే, తరవాత స్టువర్టుపురంలో కూర్చోబెట్టిన మన ఎరుకలవాళ్లు నలభై ఏళ్లపాటు చట్టం దృష్టిలో నేర తెగ కారు. వంశపారంపర్యంగా రక్తంలోనే నేరం ఉందన్న వాదం నిజమైతే, ఆ నలభై ఏళ్లూ ఆ రక్తం ఏం చేస్తున్నట్టు?

ఆ వ్యవధిలో రాతపని జరిగింది. మద్రాసు పోలీసు అధికారి ఫ్రెడరిక్ ములాలీ 1892లో ప్రెసిడెన్సీలోని ‘నేర వర్గాల’ మీద పుస్తకం వేశారు. రైల్వే పోలీసులో పనిచేసిన ఎం. పాపారావు నాయుడు రైలు దొంగల చరిత్ర రాసి, ఆ తరవాత కొరవల మీద, ఎరుకల మీద మరో పుస్తకం రాశారు. వీటిని తీసుకుని మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాల ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ వెలువరించారు. ఎరుకలవాళ్లను కూడా కలుపుకుని కొరవల గురించి అందులో ఉన్న సుదీర్ఘమైన భాగం ఆధారాల్లో ఎవరున్నారో చూడండి: ములాలీ, పాపారావు నాయుడు. ఠాణాలో అనుమానంగా ఉన్నది మ్యూజియంలో శాస్త్రమైంది. థర్‌స్టన్ మద్రాసు పోలీసులకు శరీర కొలతల శాస్త్రం పాఠాలు కూడా చెప్పారు. పోలీసులు ఆయనకు సమాచారం ఇచ్చారు, ఆయన దాన్నే శాస్త్రంగా వాళ్లకు తిరిగి ఇచ్చారు. మాస్టారి రెండో ప్రశ్న ఇక్కడ గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది.

రణజిత్ గుహా 1983లో తిరుగుబాట్లను అణచినవాళ్ల వచనం మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో రాతలను మూడు అంతస్తులుగా విడదీశారు. సంఘటన వేడిలో అధికారి పంపే నివేదిక మొదటిది. కొంతకాలం గడిచాక తీరిగ్గా రాసే జ్ఞాపకం, గ్రంథం రెండోది. ఇంకా దూరం నుంచి చరిత్రకారుడు రాసేది మూడోది. కిందిదాంట్లో భయంతో, తొందరలో రాసిన ముక్క పైకి వెళ్లేకొద్దీ శాంతమైన జ్ఞానంగా కనిపిస్తుందని ఆయన చూపించారు. తిరుగుబాట్ల గురించి చెప్పిన ఈ సంగతి మన ఎరుకల కథకు అచ్చంగా సరిపోతుంది. ఒక తేడా మాత్రం ఉంది. ఇక్కడ నాలుగో అంతస్తు కూడా లేచింది, అది దినపత్రిక. దాని దగ్గరికి తరవాత వస్తాను.

ఆ గ్రంథాల్లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచేది వృత్తుల జాబితా. ఉప్పు ఎరుకలవాళ్లు, కరివేపాకు ఎరుకలవాళ్లు, మగ్గాలకు కుంచెలు కట్టే కుంచె ఎరుకలవాళ్లు, వెదురు దబ్బలతో బుట్టలల్లే దబ్బ ఎరుకలవాళ్లు. శాఖల పేర్లే బతుకుతెరువుల పేర్లు. ఈ వివరాలన్నీ ఓపిగ్గా రాసినవాళ్లే, ఈ వృత్తులు ఇళ్ల ఆనుపానులు కనిపెట్టటానికి వేసుకున్న ముసుగులని కూడా రాశారు. ఈ వాదానికి ఓటమి లేదు. పని చేయని ఎరుకలవాడు సోమరి గనక దొంగ, చేసేవాడు ముసుగు వేసుకున్న దొంగ. ఏ సాక్ష్యం తెచ్చినా తనకు అనుకూలంగానే మలుచుకునే వాదం కనిపిస్తే అక్కడ ఆగండి. మీరు వెతికే డిస్కోర్స్ అక్కడే ఉంటుంది.

సోది చెప్పే స్త్రీని తీసుకోండి. తిరుమల స్థలపురాణంలో శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం కట్టి, బుట్ట నెత్తినపెట్టుకుని ఆకాశరాజు ఇంటికి వెళ్తాడు. ధరణీదేవికి సోది చెప్పి, పద్మావతి మనసులో ఉన్నదేమిటో బయటపెడతాడు. మన యక్షగానాల్లో ఎరుకలసాని వచ్చిందంటే కథలో దాచిన నిజం బయటికొస్తుందని ప్రేక్షకుడికి తెలుసు. అదే స్త్రీ, అదే బుట్ట, అదే గడప. బ్రిటిషు కాలపు పోలీసు రాతల్లో ఆమె సోది నెపంతో ఇంట్లో నగలెక్కడున్నాయో చూసి మొగుడికి చేరవేసే వేగు. ఆమె చేసిన పని రెండుచోట్లా ఒకటే, ఇంటివాళ్ల చెయ్యి పట్టుకుని మాట్లాడటం. పురాణం సమాజంలో ఆమెకు ఏ గొప్ప హోదా ఇవ్వలేదని నాకు తెలుసు. అయినా ఆమెను గురించి వేరే రకంగా మాట్లాడటం సాధ్యమేనని, జనం అలా మాట్లాడారని ఈ కథ రుజువు చేస్తుంది. పరిశోధకుడికి ఇలాంటి ఎదురు పాఠం దొరికితే పండగే. అధికారిక పాఠం సహజంగా, ఏకైకంగా కనిపించటం అక్కడితో ఆగిపోతుంది.

ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. అంతా మాటల మహిమే, రాయటం వల్లే వాళ్లు నేరస్తులయ్యారు అనేసి చేతులు దులుపుకోవచ్చు. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన ‘డిసానర్డ్ బై హిస్టరీ’ ఆ పొరపాటు చేయదు. నేను విద్యార్థులకు మొదట ఇచ్చే పుస్తకం అందుకే అది. ఈ జనం కోస్తా నుంచి ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని లోపలి ఊళ్లకు వెళ్లేవాళ్లు, అక్కడి నుంచి ధాన్యం తెచ్చేవాళ్లు. బండి దారి లేని ఊళ్లకు వీళ్లే సంత. ప్రభుత్వ ఉప్పు విధానం ఆ వ్యాపారం నడ్డి విరిచింది. రైలు వచ్చి సరుకు రవాణాను తన్నుకుపోయింది. 1876-78 కరువు పశువులను తినేసింది. 1882 మద్రాసు అటవీ చట్టం మేతను, వెదురును, ఆకును అందకుండా చేసింది. ఈ దెబ్బల వెనకే నేను పైన చెప్పిన పుస్తకాలు వెలువడ్డాయి. గాడిద మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగేవాణ్ని వర్తకుడంటారు. గాడిద పోయి, ఉప్పు పోయి, వట్టి చేతులతో తిరిగితే అతను ‘కనిపించే జీవనాధారం లేనివాడు’. తిరగటం మారలేదు. దాన్ని చదివే కళ్లు మారటానికి రైలూ ఉప్పూ అడవీ కారణమయ్యాయి. ఈ లెక్కలు తెలియకుండా చట్టం భాషను మాత్రమే విశ్లేషిస్తే సగం పనే అయినట్టు.

1911 చట్టం వచ్చాక ఈ జనాన్ని ఒకచోట కూర్చోబెట్టటానికి సెటిల్‌మెంట్లు పెట్టారు. బాపట్ల దగ్గరిదాన్ని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. ఊరు పేరులోనే అధికారి ఉన్నాడన్నమాట. మన దేశంలో సాల్వేషన్ ఆర్మీని నడిపించిన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ నేరాన్ని నయం చేసే విద్యకు ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు పెట్టి ఒక చిన్న పుస్తకం కూడా వేశారు. ఇప్పుడు రెండు వాదాలు ఒకే ఆవరణలో కాపురం పెట్టాయి. పోలీసు రిజిస్టరు ప్రకారం నేరం పుట్టుకతో వచ్చింది, పోదు. మిషనరీ బోధన ప్రకారం అదొక జబ్బు, నయమవుతుంది. పొద్దున హాజరుపట్టీ మొదటిదాన్ని చెబుతుంది, సాయంత్రం ప్రార్థన రెండోదాన్ని చెబుతుంది. తర్కం ప్రకారం వీటికి పొసగకూడదు. ఆచరణలో బ్రహ్మాండంగా పొసిగాయి, ఎందుకంటే రెండింటికీ కావలసింది ఒకటే: కంచె, కాపలా. ఆ పక్కనే చీరాలలో పొగాకు కంపెనీకి మనుషులు కావాలి. బయటికి పోవటానికి వీల్లేని కార్మికుడి కంటే నికరమైన కార్మికుడు ఎక్కడ దొరుకుతాడు? డిస్కోర్సులో వైరుధ్యం కనపడితే దాన్ని పట్టుకున్నామని పొంగిపోయే విద్యార్థులకు నేను చెప్పేది ఇదే. వైరుధ్యం వల్ల అది కూలదు. వైరుధ్యాలను మోసుకుంటూ ఏ పని చేస్తోందో చూడాలి.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. మరుసటి ఏడే, 1948లో, అలవాటు నేరస్థుల మీద ఆంక్షల చట్టం తెచ్చింది. తెగ పోయి వ్యక్తి వచ్చాడు, అలవాటు మాత్రం అక్కడే ఉంది. కేంద్రం అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన వేసిన కమిటీ విచారణ జరిపి నివేదిక ఇచ్చాక, 1952 ఆగస్టు 31న దేశమంతటా నేర తెగల చట్టాలు రద్దయ్యాయి. విముక్త జాతులు ఇప్పటికీ ఆ రోజును తమ స్వాతంత్ర్య దినంగా జరుపుకుంటాయి. ఆంధ్రప్రదేశ్ 1962లో తన సొంత అలవాటు నేరస్థుల చట్టం చేసుకుంది. ఠాణాల్లో హిస్టరీ షీట్లు, పాత నేరస్థుల జాబితాలు కొనసాగాయి. మద్రాసు పోలీసు రికార్డుల్లో ‘నోన్ డిప్రెడేటర్’ అనే వర్గం ఒకటుండేది. పొడి అక్షరాల్లో కేడీ. ఇవాళ అల్లరి మనవణ్ని తాతయ్య ముద్దుగా అనేది అదే కేడీ.

ఇక నాలుగో అంతస్తు, దినపత్రిక. పోలీసు వార్తల భాష మనకు కంఠతా వచ్చు గనక నమూనాకు రెండు వార్తలు నేనే కూర్చాను. ఇవి ఏ పత్రికలోవీ కావు.

మొదటిది: ‘జల్సాలకు అలవాటుపడి, సులువుగా డబ్బు సంపాదించాలన్న ఉద్దేశంతో తాళం వేసిన ఇళ్లలో చోరీలు చేస్తున్న యువకుడిని పోలీసులు అరెస్టు చేశారు.’

రెండోది: ‘తాళం వేసిన ఇళ్లలో చోరీలు చేస్తున్న స్టువర్టుపురానికి చెందిన పాత నేరస్థుడిని పోలీసులు అరెస్టు చేశారు.’

మొదటి వాక్యం ఖచ్చితంగా చెబుతున్నది ఒక్కటే: అరెస్టు జరిగింది. దాన్ని కాదని చూడండి. ‘చోరీలు చేస్తున్న యువకుడిని పోలీసులు అరెస్టు చేయలేదు.’ అరెస్టు ఎగిరిపోయింది. చోరీలు అలాగే ఉన్నాయి! చేస్తున్న, చేసిన, అలవాటుపడిన అనే క్రియాజన్య విశేషణాలతో తెలుగు ఒక ఆరోపణను నామవాచకానికి ముందు తగిలించి, దాన్ని చర్చకు అందనంత ఎత్తులో పెట్టేస్తుంది. అదే ‘ఇతను చోరీలు చేస్తున్నాడని పోలీసులు చెబుతున్నారు’ అని రాస్తే చెప్పినవాడు బయటపడతాడు. ఆరోపణను ఎవరైనా కాదనవచ్చు. తెలుగులో పనిచేసే పరిశోధకులు ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో చదివిన కర్మణి ప్రయోగం కోసం మన పత్రికల్లో గాలిస్తుంటారు. అది మనకు అరుదు. మన భాషలో పని నడిచేది ఈ విశేషణాల మీద.

‘జల్సాలకు అలవాటుపడి’ అన్న ముక్క ఎక్కడి నుంచి వచ్చింది? విలేకరికి పోలీసులిచ్చిన ప్రెస్‌నోట్ నుంచి. ప్రెస్‌నోట్‌లోకి? నిందితుడి ఒప్పుకోలు పంచనామా నుంచి. మధ్యవర్తుల సమక్షంలో ‘నేను’ అంటూ నిందితుడి గొంతుతో మొదలయ్యే ఆ కాగితాన్ని రాసేది పోలీసు కలం. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని, దానివల్ల సొత్తు దొరికితే ఆ మేరకే చెల్లుతుందని 1872 సాక్ష్య చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టమూ అదే చెబుతోంది. కోర్టు గుమ్మం ఎక్కడానికి అర్హత లేని వాక్యం మరునాడు జిల్లా ఎడిషన్లో మొదటి వాక్యం అవుతోంది. ఇంకో సంగతి. 1871 చట్టం, 1872 సాక్ష్య చట్టం రెండూ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ వైస్రాయి కౌన్సిల్లో న్యాయ సభ్యుడిగా ఉన్న రోజులవే. ఒక మనిషి విషయంలో పోలీసు రాతను నమ్మొద్దంది ఒక చట్టం. ఒక తెగ మొత్తం విషయంలో ప్రభుత్వ నమ్మకాన్ని కోర్టు కూడా ప్రశ్నించకూడదంది ఇంకోటి.

రెండో నమూనాలో ఏం లేదో చూడండి. కారణం లేదు. మామూలు దొంగకు జల్సాలు కావాలి, అప్పులు కావాలి, చెడు స్నేహాలు కావాలి, అప్పుడే పాఠకుడు సమాధానపడతాడు. స్టువర్టుపురం పేరు పడ్డాక ఆ ఖాళీ ఎవరికీ కనిపించదు. ఊరే కారణంగా సరిపోతుంది. నేను దీన్ని నిర్ధారణగా చెప్పటం లేదు, పరీక్షకు పెట్టదగిన ప్రతిపాదనగా చెబుతున్నాను. పదేళ్ల జిల్లా పేజీల్లోని చోరీ వార్తలు తీసుకుని, ఊరు పేరున్నవీ లేనివీ విడదీసి, ఎన్నింటిలో కారణం చెప్పారో లెక్కపెట్టండి. రెండు రకాల్లోనూ సమానంగా వస్తే నా మాట తప్పు. ఇలా తప్పయ్యే అవకాశం ఉన్న ప్రతిపాదన చేయగలిగితేనే ఇది పద్ధతి అవుతుంది. లేకపోతే ఉపన్యాసం.

పాత్రికేయ మిత్రులు ఇక్కడ ముఖం ముడుచుకుంటారు. రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో ప్రెస్‌నోట్ వస్తుంది, పదికల్లా పేజీ పోవాలి, మాకెవరి మీదా కక్ష లేదు అంటారు. నిజమే. విలేకరి మనసులో ద్వేషం ఉందని నిరూపించాల్సిన అవసరం మనకు లేదు. ద్వేషం లేకుండానే ఆ వాక్యం దానంతటదే తయారవుతోందన్నదే చూపించాల్సిన విషయం.

సినిమాల గురించి ఎక్కువ చెప్పను. 1991లో ఈ ఊరి పేరుతో రెండు చిత్రాలు వచ్చాయి, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది, దాని టీజరు మీద హైకోర్టులో వ్యాజ్యమూ నడిచింది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది సంస్కరణ కథ. 1970లలో కవి జాషువా గారి కుమార్తె హేమలతా లవణం, భర్త లవణంతో కలిసి అక్కడ చేసిన పని చిన్నది కాదు. దాన్ని మనం చెప్పుకునే తీరు మాత్రం ‘దొంగలను మనుషులుగా మార్చారు’ అన్న మూసలోనే పడింది. బూత్-టక్కర్ జబ్బూ చికిత్సా కథ పొల్లుపోకుండా మన మెచ్చుకోలులోకి వచ్చి కూర్చుంది. సానుభూతితో రాసిన పాఠాలను కూడా ఇంతే కఠినంగా చదవాలి. దురుసు మాటలను ఎవరైనా పట్టుకుంటారు.

పని మొదలుపెట్టబోయేవాళ్లకు కొన్ని చిల్లర ఇబ్బందులు చెబుతాను. పదాలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషుకు తయారైనవి. తెలుగులో ‘ఎరుకల’ అని వెతికితే ఎరుకలోళ్లు, ఎరుకలవారిపై, ఎరుకలామె, ఎరుకలసాని ఒక్కోటి ఒక్కో పదంగా లెక్కలోకి వస్తాయి లేదా అసలు రావు. ‘నాకు ఎరుక లేదు’ అన్న వాక్యం కూడా వలలో పడుతుంది. పాత పత్రికల స్కానులను కంప్యూటరు చదివితే ఒత్తులు ఎగిరిపోతాయి. కాబట్టి కొంతకాలం కంటితోనే చదవక తప్పదు. ఇంటర్వ్యూలైతే మాటలే కాదు, ఆగిన చోట్లు, సగంలో మింగిన వాక్యాలు, పక్కవాళ్లు అందించిన ముక్కలు కూడా రాసుకోవాలి. ఠాణా ప్రస్తావన రాగానే తెలుగు మాట్లాడుతున్న మనిషి ఇంగ్లీషు పోలీసు పదాల్లోకి జారుకోవచ్చు. శుభ్రం చేసి ‘మంచి తెలుగులో’ రాసుకొచ్చిన ఇంటర్వ్యూ దేనికీ పనికిరాదు.

చివరగా ఈ మధ్య వచ్చిన ఒక పాఠం. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని, గది కేటాయించటం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. నేర తెగల చట్టాలు రద్దయి డెబ్బై ఏళ్లు దాటినా సంచార తెగ, నేర తెగ అన్న మాటలు కొన్ని రాష్ట్రాల జైలు నిబంధనల్లో బతికే ఉన్నాయని ఆ తీర్పు బయటపెట్టింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మూడు నెలల్లో నిబంధనలు మార్చాలని, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని ఆదేశించింది.

గడి పోవటం మంచిదే. కానీ మనకు కొత్త చిక్కు వస్తుంది. ఇకమీద ఒక ఎరుకల ఖైదీకి ఏ పని ఇచ్చారో రిజిస్టరు చూసి చెప్పటం కుదరదు. వివక్ష ఆగిందో, రాతలోంచి మాత్రమే తప్పుకుందో ఆ కాగితం చెప్పదు. అప్పుడు రిమాండు రిపోర్టులో చిరునామా రాసే తీరు చూడాలి, బెయిలు పిటిషన్ల మీద ప్రాసిక్యూషన్ వేసే అభ్యంతరాల్లో ‘అలవాటు’ ఎన్నిసార్లు వచ్చిందో చూడాలి, వార్డర్లు ఖైదీని ఊరు పేరు పెట్టి పిలుస్తున్నారేమో విడుదలైనవాళ్లను అడగాలి. రిమాండు రిపోర్టులు మేజిస్ట్రేటు కోర్టుల్లో ఉంటాయి, కాపీలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బాపట్ల, చీరాల కోర్టుల నుంచి మొదలుపెట్టమని నా సలహా.